లండన్‌లో చనిపోయిన అధ్యక్షుడు, లాగోస్‌లో చనిపోయిన మా బాబా

2025 జూలై 13న నైజీరియా మాజీ అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ లండన్‌లో ఒక క్లినిక్‌లో చనిపోయారు. ఆయనకి 82 ఏళ్లు. ఆ కబురు నాకు లాగోస్ నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్‌లో తెలిసింది. "అంకుల్, చూశారా? చివరికి చావడానికి కూడా ఆయనకి మన ఆసుపత్రి పనికిరాలేదు" అన్నాడు ఒక కుర్రాడు. అతని గొంతులో సంతోషం లేదు, పెద్ద కోపం కూడా లేదు. బాగా అలిసిపోయినవాడి గొంతులా ఉంది.

ఆ కుర్రాడి నాన్న లాగోస్‌లో మా ఆఫీసు డ్రైవర్. నేను అక్కడ ఆరేళ్లు ఉద్యోగం చేసి 2023 మార్చిలో హైదరాబాద్ వచ్చేశాను. ఆయన్ని మేమంతా "బాబా" అనేవాళ్లం. అక్కడ పెద్దవాళ్లని అలాగే పిలుస్తారు. నన్ను ఆయన "ఓగా" అనేవాడు, అంటే సారు అని. అపాపా పోర్టు దారిలో ట్రైలర్ల వరస వెనక మూడేసి గంటలు ఇరుక్కుపోయినప్పుడు కిందికి దిగి కాల్చిన అరటికాయ, వేరుశెనగ పప్పు కొనుక్కొచ్చి సగం నా చేతిలో పెట్టేవాడు. బీపీ ఉందని ఆయనకి తెలుసు. మాత్రలు మాత్రం జీతం వచ్చిన వారం వేసుకునేవాడు, మిగతా మూడు వారాలు లేదు. ఎందుకు మానేశావని అడిగితే పిల్లల ఫీజు లెక్క చెప్పేవాడు.

నేను వచ్చేసిన ఏడాదే ఆయనకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడు సార్లు డయాలసిస్ చేయాలన్నారు. ఒక్కసారికి అయ్యే ఖర్చు ఆయన నెల జీతంలో సగం. పాత ఆఫీసు వాళ్లం వాట్సాప్ గ్రూపు పెట్టి చందాలు వేశాం. అయినా వారానికి ఒక్కసారే కుదిరింది, ఒక్కో వారం అదీ లేదు. గ్లౌజులు, సిరంజీలు, సెలైన్ సీసా అన్నీ బయట కొని తెచ్చుకోవాలి. ముందు డిపాజిట్ కడితేగానీ మంచం ఇవ్వరు. ఒకసారి కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేక, మధ్యలోనే ఆపేశారట. ఆ ఆసుపత్రి పేరు రాయను. అక్కడి నర్సులు మంచివాళ్లు, ఒకావిడ తన డబ్బుతో మందు కొనిచ్చింది కూడా.

ఇక్కడికి తీసుకొచ్చి ట్రాన్స్‌ప్లాంట్ చేయిద్దామని నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. విదేశీ పేషెంట్లకి అక్కడ కౌంటరే వేరు. సూడాన్ వాళ్లు, కెన్యా వాళ్లు, నైజీరియా వాళ్లు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇల్లు అమ్ముకుని వచ్చినవాళ్లు, చర్చిలో చందాలు పోగుచేసుకుని వచ్చినవాళ్లు. ఎస్టిమేట్ తీసుకున్నాం. కిడ్నీ ఇస్తానన్న తమ్ముడికి బంధుత్వం కాగితాలు, అందరికీ వీసాలు, ఇవన్నీ నడుస్తుండగానే అక్కడి కరెన్సీ నైరా విలువ పడిపోయింది. నేను లాగోస్ వదిలిన నాటికి డాలర్ అధికారిక రేటు 460 నైరా చిల్లర. ఏడాది తిరిగేలోపు 1,500 దాటింది. మేము పోగుచేసిన డబ్బు మా కళ్ల ముందే మూడో వంతు అయిపోయింది. 2024 మేలో బాబా చనిపోయాడు.

ఇప్పుడు అధ్యక్షుడి సంగతి.

1983 డిసెంబర్ 31న నైజీరియాలో సైన్యం అధికారం లాక్కుంది. ఆ రోజు రేడియోలో ప్రకటన చదివింది సైనికాధికారి సానీ అబాచా. ఎందుకు కూల్చామో చెబుతూ, మన ఆసుపత్రులు మందుల్లేని, నీళ్లు లేని, పరికరాల్లేని సలహా కేంద్రాలుగా మారిపోయాయి అన్నాడు. ఆ కుట్రతో గద్దెనెక్కింది ఈ బుహారీయే. అంటే ఆసుపత్రులు బాగాలేవని దేశానికి చెప్పుకుని అధికారంలోకి వచ్చిన మనిషి. ఇరవై నెలలకి ఆయన్నీ దించేశారు. మళ్లీ 2015లో ఓట్లతో గెలిచి ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు.

2016 ఏప్రిల్‌లో ఆయన ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది. దేశంలో దొరికే వైద్యానికి అధికారులు విదేశాలకు వెళ్తే ప్రభుత్వం డబ్బు ఇవ్వదు అని. జనం మెచ్చుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, అధ్యక్షుడు చెవి ఇన్ఫెక్షన్ అని లండన్ వెళ్లారు. ఇరవై కోట్లకు దగ్గర్లో జనాభా ఉన్న దేశంలో చెవి చూసే డాక్టరే లేడా అని అక్కడి డాక్టర్లు బాధపడి అడిగారు. 2017లో ఒకసారి యాభై రోజులు, ఇంకోసారి వంద రోజులకు పైగా లండన్‌లోనే ఉండిపోయారు. జబ్బేంటో దేశానికి చెప్పలేదు. రండి, లేదా రాజీనామా చేయండి అని రాజధాని అబుజాలో జనం రోడ్డెక్కారు. నేను అప్పుడు లాగోస్‌లో కొత్త. మన రాజు ఏ ఊళ్లో ఉన్నాడో మనకి తెలియదు ఓగా అని బాబా అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

అదే ఏడాది అక్టోబర్‌లో అధ్యక్షుడి భార్య ఆయిషా బుహారీ బహిరంగంగా మాట్లాడారు. అధ్యక్ష భవనంలోని క్లినిక్‌లో ఒక్క సిరంజీ కూడా లేదని, ఎక్స్‌రే మెషిన్ పనిచేయడం లేదని. దేశాధ్యక్షుడి ఇంటి ఆవరణలో ఉన్న క్లినిక్ అది! కోట్ల నైరాలు బడ్జెట్‌లో కేటాయించిన చోటే సిరంజీ లేకపోతే మా బాబా వెళ్లిన ఆసుపత్రిలో గ్లౌజులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

2021 ఏప్రిల్ 1న నైజీరియా రెసిడెంట్ డాక్టర్లు జీతాల బకాయిల కోసం సమ్మెకు దిగారు. సరిగ్గా అంతకు ముందే అధ్యక్షుడు చెకప్ అని లండన్ విమానం ఎక్కేశారు. ఆ రోజు మా ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

బుహారీ పోయాక, ఆయన దగ్గర పనిచేసిన అధికార ప్రతినిధి ఫెమీ అడెసీనా టీవీలో మాట్లాడుతూ, ఆయన నైజీరియాలోనే వైద్యం చేయించుకుని ఉంటే ఎప్పుడో చనిపోయేవారు అన్న అర్థం వచ్చే మాట అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్లు దేశం మీ చేతిలో ఉంది. ఇక్కడుంటే చచ్చిపోయేవాళ్లం అని మీరే అంటే, ఇక్కడే ఉండక తప్పని ఇరవై కోట్ల మంది సంగతేంటి?

ఇది బుహారీ ఒక్కడి మీద కోపం కాదు. ఆయన కంటే ముందు అధ్యక్షుడిగా ఉన్న యారాదువా 2009 నవంబర్‌లో సౌదీ వెళ్లి మూడు నెలలు ఆసుపత్రిలో ఉంటే దేశం అధ్యక్షుడు లేకుండా నడిచింది. జాంబియాని ఏలినవాళ్లలో మ్వానవాసా పారిస్‌లో, సాటా లండన్‌లో, 2025 జూన్‌లో లుంగు దక్షిణాఫ్రికాలో పోయారు. 42 ఏళ్లు గాబన్‌ని ఏలిన ఒమర్ బోంగో బార్సిలోనాలో. 38 ఏళ్లు అంగోలాని ఏలిన దోస్ శాంతోస్ కూడా బార్సిలోనాలోనే. రెండూ చమురు దేశాలే. 37 ఏళ్లు జింబాబ్వేని పాలించిన ముగాబే సింగపూర్‌లో. కామెరూన్‌లో పాల్ బియా 1982 నుంచి కుర్చీలో ఉన్నారు. 2024 అక్టోబర్‌లో ఆయన వారాల తరబడి కనిపించకపోతే, అధ్యక్షుడి ఆరోగ్యం గురించి మీడియా మాట్లాడకూడదని ఏకంగా ఆదేశమే ఇచ్చారు.

జింబాబ్వే కథ ఇంకా ఘోరం. 2018 ఏప్రిల్‌లో నర్సులు సమ్మె చేస్తే తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న చివెంగా వేలమంది నర్సుల్ని ఒక్క దెబ్బకి తీసేస్తున్నామన్నారు. తర్వాతి ఏడాది ఆయనకే జబ్బు చేసింది. నాలుగు నెలలు చైనాలో వైద్యం. ఆయన తిరిగొచ్చే సమయానికి సొంత దేశంలో డాక్టర్లు సమ్మెలో ఉన్నారు, నాలుగు వందల మందికి పైగా డాక్టర్ల ఉద్యోగాలు పీకేశారు. 2020 ఆగస్టులో అదే చివెంగా ఆరోగ్య మంత్రి అయ్యారు.

ఇలా రాస్తే "పేద దేశాలండీ, ఏం చేస్తారు" అని ఎవరో ఒకరు అంటారు. "వాళ్లంతే" అనేవాళ్లూ మనలో ఉన్నారు. టోలిచౌకిలో ఇల్లు అద్దెకి అడిగితే ఆఫ్రికా వాళ్లకి ఇవ్వమని మొహం మీదే చెప్పేవాళ్లని నేను చూశాను. వాళ్లకి ఒక డాక్టరమ్మ గురించి చెబుతాను. పేరు అమేయో అదాదేవో. 2014 జూలైలో లైబీరియా నుంచి లాగోస్‌కి వచ్చిన ఒక రోగికి ఎబోలా ఉందని ఆమె అనుమానించింది. వదిలేయమని లైబీరియా అధికారులు ఒత్తిడి చేసినా కదలనివ్వలేదు. అతను గనక లాగోస్ జనంలో కలిసి ఉంటే ఏమయ్యేదో ఊహకి అందదు. మొత్తం ఇరవై కేసులతో ఆపేశారు. అక్టోబర్ 20న నైజీరియాలో ఎబోలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అప్పటికి ఆమె లేదు, అదే ఎబోలా సోకి ఆగస్టు 19న చనిపోయింది. వైద్యం చేయగల చేతులు ఆ దేశంలోనూ ఉన్నాయి. ఆ చేతులే ఇప్పుడు విమానం ఎక్కి వెళ్లిపోతున్నాయి. దాన్ని అక్కడ "జపా" అంటారు, యొరుబా మాట, పారిపోవడం అని. బ్రిటన్‌లో రిజిస్టర్ అయిన నైజీరియా డాక్టర్లు పది వేలకు పైనే. 2023లో నైజీరియా పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు, చదువైన డాక్టర్ అయిదేళ్లు దేశంలో పనిచేస్తేనే పూర్తి లైసెన్స్ ఇస్తామని. డాక్టర్ దేశం దాటకూడదట. మరి పేషెంట్ అయిన మంత్రి దాటొచ్చా?

డబ్బు లేదనే మాటా నేను ఒప్పుకోను. 2001 ఏప్రిల్‌లో ఆఫ్రికా దేశాల అధినేతలు అబుజాలోనే కూర్చుని, బడ్జెట్‌లో కనీసం 15 శాతం ఆరోగ్యానికి పెడతామని సంతకాలు చేశారు. ఆతిథ్యం ఇచ్చిన నైజీరియా ఇప్పటిదాకా ఆ గీత దగ్గరికి కూడా రాలేదు. 2024లో మాత్రం ఇప్పటి అధ్యక్షుడు టినుబు కోసం కొత్త ఎయిర్‌బస్ విమానం వచ్చింది.

కోవిడ్ వచ్చినప్పుడు ఒక్కసారి ఈ నాయకులకి విదేశాల దారి మూసుకుపోయింది. విమానాలు లేవు, లండన్ లేదు. 2020 ఏప్రిల్‌లో నైజీరియా కోవిడ్ టాస్క్‌ఫోర్స్ అధిపతి, కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి బాస్ ముస్తఫా ఎంపీల ముందు, మన ఆరోగ్య వ్యవస్థ ఈ స్థితిలో ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు అన్నారు. తర్వాత ఏదో వివరణ ఇచ్చుకున్నారు. కానీ ఆ మాట నిజమనే నేను నమ్ముతాను. ఆయనకి నిజంగానే తెలియదు. ఎప్పుడూ ఆ మంచం మీద పడుకోని మనిషికి ఎలా తెలుస్తుంది? అవినీతి, చేతకానితనం అన్నీ ఉన్నాయి. కానీ నేను ఆరేళ్లు చూసి గట్టిగా నమ్మింది ఇది: పారిపోయే దారి ఉన్నవాడు ఇల్లు కాలుతున్నా నీళ్లు మోయడు.

అడిగితే మన సంగతి కూడా చెప్పుకోవాలి. 1984లో ఎన్టీఆర్ గుండె ఆపరేషన్‌కి అమెరికా వెళ్లారు. వచ్చేసరికి కుర్చీ కిందికి నీళ్లొచ్చాయి, ఆ కథ మనందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఇక్కడ అంత నమ్మకమైన ఆసుపత్రి లేదు. తర్వాతి ఇరవై ఏళ్లలో వచ్చాయి. ఎక్కువ ప్రైవేటువే, ఖర్చు సామాన్యుడి నడుం విరిచేదే, ఆరోగ్యశ్రీ ఉన్నా గొడవలు తప్పవు. కానీ ఈరోజు లాగోస్ మనిషి ప్రాణం కోసం హైదరాబాద్ వైపు చూస్తున్నాడంటే ముప్పై, నలభై ఏళ్లలో ఇది కుదిరే పనే అని అర్థం.

టాంజానియాలో మగుఫులి 2015 నవంబర్‌లో అధ్యక్షుడైన కొత్తలో చెప్పకుండా ముహింబిలి ఆసుపత్రికి వెళ్లారు. రోగులు నేల మీద పడుకుని ఉన్నారు, స్కానింగ్ మెషిన్లు పాడై ఉన్నాయి. ఆసుపత్రి అధిపతిని తీసేశారు, పార్లమెంటు ప్రారంభోత్సవ విందు ఖర్చు తగ్గించి మంచాలు కొనమన్నారు. ఆయన్ని నేను దేవుణ్ణి చేయను. పత్రికల్ని తొక్కేశారు, కోవిడ్ లేదని మొండికేసి ప్రాణాలు పోగొట్టారు. అయినా ఆసుపత్రిలోకి నడిచి వెళ్లిన ఆ ఒక్క రోజు పనికొచ్చింది.

2025 ఆగస్టులో నైజీరియా ప్రభుత్వం కొన్ని కేంద్ర ఆసుపత్రుల్లో డయాలసిస్ ధర 50,000 నైరా నుంచి 12,000కి తగ్గించింది. మంచి పని, మనస్ఫూర్తిగా సంతోషించాను. కానీ ఆ దేశంలో కనీస జీతం నెలకి 70,000. వారానికి మూడు సార్లంటే నెలకి ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

బాబా కొడుకు నర్సింగ్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి బ్రిటన్ వెళ్లడానికి ఇంగ్లీషు పరీక్ష ఫీజు కట్టాలి అంకుల్, కొంచెం సర్దగలరా అని అడిగాడు. మీ అమ్మ ఏమంటోంది అన్నాను. వెళ్లమంటోంది, కానీ ఆమెకీ బీపీ ఉంది అన్నాడు. మాత్రలు వేసుకుంటోందా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. ఫీజు పంపాను. మూడు నెలల మాత్రలకి సరిపడా డబ్బు విడిగా పంపి, ఇది దేనికీ వాడొద్దు, మందులకే అని రాశాను.