గోడ మీది థర్మోస్టాట్ గారికి

మహారాజశ్రీ మూడో అంతస్తు థర్మోస్టాట్ గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. ఏసీ ఎంత చల్లగా ఉండాలో నిర్ణయించే తమరు కుశలమేనని తమ ముఖాన వెలిగే 24 డిగ్రీల అంకె చెబుతూనే ఉంది. జీఎస్టీ రిటర్నుల ఆఖరి తేదీ నాడు చొక్కా వీపుకు అతుక్కుపోయి, కీబోర్డు మీద చెమట పడకుండా మణికట్టు కింద కర్చీఫు వేసుకుని కూర్చున్న మా కుశలం గురించి రాయకపోవడమే మంచిది.

ఇవాళ మధ్యాహ్నం జరిగింది తమరి సమక్షంలోనే కదా. వేడికి ఆగలేక బేస్‌మెంట్ నుంచి బిల్డింగు మొత్తానికీ ఉన్న ఏసీ ప్లాంట్ ఆపరేటర్‌ను పిలిపించాం. ఆయన స్టూలెక్కి, ఫాల్స్ సీలింగ్ పలక పక్కకి జరిపి, టార్చి వేసి చూసి దిగాడు. తమరి దగ్గరికొచ్చి రెండు వేళ్లతో పట్టి ఇలా లాగాడో లేదో, తమరు అలా ఊడి చేతిలోకి వచ్చేశారు. వెనకాల గోడ. రెండు స్క్రూ కన్నాలు, ఒక బల్లిగుడ్డు పెంకు. అంతే.

“దీనికి వైరే లేదు సార్. పాతది తీసినప్పుడే కోసేసిన్రు. మీరందరు ఊకె ఫోన్లు చేస్తున్నరని ఇది పెట్టిన్రు” అన్నాడాయన, ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముందన్నట్టు.

అయ్యా, తమరి కోసం మా ఆఫీసులో ఎన్ని యుద్ధాలు జరిగాయి! సరిగ్గా ఏసీ గాలి వచ్చే గ్రిల్లు కింద కూర్చునే అకౌంట్స్ మేడం మే నెలలో కూడా శాలువా కప్పుకుని తమర్ని 27కి ఎక్కించేది. ఆవిడ టిఫిన్ బాక్సు తీసుకుని అటు వెళ్లగానే, పడమటి అద్దం పక్కన ఉడికిపోతున్న మార్కెటింగ్ కుర్రాడు 18కి దించేవాడు. ఎక్కించిన వెంటనే హాయిగా ఉందని ఆవిడ, దించిన వెంటనే చల్లబడిందని అతను ఒట్టేసి చెప్పేవారు. గొడవ మేనేజరు దాకా వెళ్లి, తమరికి ప్లాస్టిక్ పెట్టె చేయించి తాళం వేశారు. 24 మీంచి ఎవరూ కదపరాదని సర్క్యులర్ కూడా వచ్చింది. ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది, 2020 నుంచి అమ్మే రూమ్ ఏసీలన్నీ 24 మీదే మొదలవ్వాలని రూలుంది, దేశంతో పాటే మనమూ అని ఆ సర్క్యులర్‌లో రాశారు. దేశభక్తితో చెమటలు కక్కాం. తమరిలో వేసిన రెండు పెన్సిల్ సెల్లులు కూడా మా పెట్టీ క్యాష్‌లోంచి కొన్నవే.

అసలు తమరి డ్యూటీ ఏమిటంటే, గది చల్లబడగానే ఏహెచ్‌యూలోని, అంటే చల్లనీళ్ల గొట్టాల మీదుగా గాలిని తోసి మాకు పంపే పెట్టెలోని వాల్వ్‌కు ‘ఇక చాలు, చల్లనీళ్లు తగ్గించు’ అని చెప్పడం. ఆ వాల్వ్ మోటారు ఎప్పుడో కాలిపోతే, దాన్ని బార్లా తెరిచి వదిలేశారట. కావాలన్నా వద్దన్నా నీళ్లు పారుతూనే ఉంటాయి, ఫ్యాను పొద్దుట్నుంచి రాత్రి దాకా ఒకటే స్పీడు. మేడం వైపు కాశ్మీరు, మా వైపు రామగుండం. మా వైపు గాలి ఎందుకు రాదో తెలుసుకుందామని ఏహెచ్‌యూ గది తలుపు తీస్తే, ఫిల్టర్‌కు అడ్డంగా వినాయక చవితి షామియానా మడతపెట్టి ఉంది.

ఇక అప్‌గ్రేడ్ సంగతి. పోయిన వేసవిలో ఓనరుగారు మీటింగు పెట్టి, సమోసాలు పెట్టి, తెర మీద పచ్చటి ఆకుల బొమ్మలు వేసి మాటిచ్చారు. ఆ నీళ్లను చల్లబరిచే మిషన్, కొత్త చిల్లర్ వస్తుందన్నారు. ఫ్యాన్లకు స్పీడు తగ్గించే డ్రైవులు పెడతామన్నారు. నాకు నిజంగానే ఆశ పుట్టింది, ఎందుకంటే ఆ డ్రైవు లెక్క గొప్పది: ఫ్యాను వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. చివరికి వచ్చినవి రెండు. లిఫ్టులో ‘విద్యుత్తును పొదుపు చేయండి’ స్టిక్కరు, గోడ మీద తమరు.

ఎందుకు రాలేదని అడిగితే ఓనరుగారు సూటిగానే చెప్పారు. “కరెంటు కట్టేది మీరు, మిషన్ కొనేది నేనా?” మేమూ సూటిగానే అడిగాం. “బిల్డింగు మీది, రేపు ఖాళీ చేస్తే చిల్లర్ నెత్తిన పెట్టుకు పోతామా?” ఇద్దరిదీ న్యాయమే, అదే ఏడుపు. పైగా ఏసీ చార్జీలు చదరపు అడుగుల లెక్కన. తాళం పడిన ఆఫీసుకూ అంతే, మాకూ అంతే. సాయంత్రం ఆరుకే ఏసీ ఆపేయమన్నా మా బిల్లులో రూపాయి తగ్గదు, కాబట్టి ఎవడూ ఆపేయమనడు. డబ్బు మేమే పెడతాం, ఆదా అయినదాంట్లో వాటా ఇవ్వండి అంటూ ఒక ఎనర్జీ సర్వీస్ కంపెనీ కూడా వచ్చింది. ప్లాంటుకు విడిగా మీటరు ఏదని అడిగారు. లేదు. లిఫ్టూ, బోరూ, కారిడార్ లైట్లూ, ప్లాంటూ అన్నీ ఒకే మీటరు మీద. ఎంత తింటుందో తెలియనిదాని తిండి ఎంత తగ్గించామని చూపిస్తారు? టీ తాగి వెళ్లిపోయారు.

ఇదే హైదరాబాదులో, 2004లో కలాం గారు ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. అమెరికా బయట, పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న మొదటి భవనం. అక్కడ గాలిని ముందే చల్లబరిచి లోపలికి పంపడానికి బురుజులు కట్టారు. మాకు షామియానా ఉంది. ప్లాంటులో ఇంకా ఆర్-22 గ్యాసే, ఓజోన్ పొరను తినేది, దేశం 2030కల్లా వదిలించుకోవాల్సింది. అది కారినప్పుడల్లా నింపించి, ఆ ఖర్చూ మా చార్జీల్లోనే కలుపుతారు.

మర్యాద ఇక నా వల్ల కాదు. ఒరేయ్, వైరు లేని ప్లాస్టిక్ ముక్కా, నిన్ను గోడకు కొట్టినవాడు మమ్మల్ని ఏమనుకున్నాడు? ఏడ్చే పిల్లాడి నోట్లో పెట్టే పాలు లేని పీక అనుకున్నాడా నిన్ను? చల్లదనానికి నెలనెలా డబ్బు గుంజుతూ, టేబుల్ ఫ్యాన్లు మా మీటరు మీద తిప్పిస్తూ, పైగా 24 అని అంకె చూపిస్తావా?

ఆపరేటర్ పెద్దాయన మాత్రం వెళ్లేముందు పైపు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, మా వైపు గాలిని వదిలే రేకు, డ్యాంపర్‌ను చేత్తో కాస్త తిప్పాడు. అరగంటలో గాలి వచ్చింది. ఈ బిల్డింగులో పనిచేస్తున్న థర్మోస్టాట్ ఆ అరచెయ్యి ఒక్కటే. ఆయన వచ్చే నెల రిటైరవుతున్నాడట.

వచ్చే నెల ఏసీ చార్జీల కింద ఓనరుగారికి చక్కటి చెక్కు ఒకటి రాసిస్తాను. అంకె పెద్దగా, దూరం నుంచి కూడా కనబడేలా వేస్తాను. వెనకాల అకౌంటు ఉండదు. మరీ మరీ ఫోన్లు చేస్తే, చెక్కుకు రెండు సెల్లులు కూడా జతచేస్తాను.

ఇట్లు,
మూడో అంతస్తు, పడమటి అద్దం వైపు