ప్రశాంతంగా ఉండనివారు గ్రూపు నుంచి తొలగించబడుదురు

బెంగళూరు బెల్లందూరులోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల మానసిక ఆరోగ్యం ప్రస్తుతం ఒక అడ్మిన్ గారి చేతుల్లో భద్రంగా ఉంది. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. ఎవరి మనశ్శాంతి లెక్క వాళ్లు ఏ రోజుకారోజు టాలీ చేసి చూపించాల్సిందే. సోషల్ మీడియా వల్ల మనసులు పాడైపోతున్నాయని చెప్పడానికి ఆయన ఎంచుకున్న చోటు వాట్సాప్. గ్రూపు పేరు ‘ప్రశాంతత’. తెల్లవారుజామున ఐదింటికి తామరపువ్వు మీద సూక్తి దిగుతుంది: “నిద్ర లేవగానే ఫోన్ చూడకండి.” చూసినవాళ్లు బొటనవేలు పెట్టాలి. ఏడింటికల్లా పెట్టనివాళ్ల పేర్లు ఏడుంబావుకి బయటికొస్తాయి.

ఇంతవరకూ భరించాం. గుడ్ మార్నింగ్ మెసేజీలకు రాటుదేలిన జాతి మనది. కానీ పోయిన నెల ఆయన ‘21 రోజుల స్క్రీన్ టైమ్ ఛాలెంజ్’ ప్రకటించారు. ఆ రోజు ఎంతసేపు ఫోన్ చూశామో రాత్రి పదిలోగా స్క్రీన్‌షాట్ పెట్టాలి. తక్కువ చూసినవాళ్లు పైన, ఎక్కువ చూసినవాళ్లు కింద. మొదటి బహుమతి స్మార్ట్ వాచీ.

ర్యాంకు అనే మాట చెవిన పడ్డాక తెలుగువాడు ఊరుకుంటాడా? మొదటి రోజే సి బ్లాకాయన అప్పీలుకెళ్లారు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుపోయాననీ, ఆ మ్యాప్ టైమ్ తన ఖాతాలో వేయడం అన్యాయమనీ ఆయన వాదన. మ్యాప్‌కి మినహాయింపు దొరికింది. క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చుని మ్యాప్ చూసేవాళ్లకీ అది వర్తిస్తుందా అని మరొకరు. గుత్తివంకాయ వీడియో వంట కిందికొస్తుందా, వినోదం కిందికొస్తుందా అని ఇంకొకరు. వండితే వంట, వండకపోతే వినోదం, రుజువుగా కూర ఫొటో జత చేయవలెను అని తీర్పు. భక్తి వీడియోలకు రాయితీ కావాలని ఒకావిడ పట్టుబట్టారు. రాశిఫలాల రీలు భక్తేనా అన్న దగ్గర రాత్రి ఒంటిగంట దాటింది. చివరికి, స్క్రీన్ టైమ్ ఎలా తగ్గించాలో తేల్చుకోవడానికి పట్టిన స్క్రీన్ టైమ్‌ని లెక్కలోంచి తీసేయాలని ఒక సవరణ పెట్టారు. ఏకగ్రీవంగా ఆమోదించాం.

పదో రోజున ఒకాయన 11 నిమిషాలు చూపించారు. గ్రూపంతా చప్పట్లు. కిందనే వాళ్లావిడ రాశారు: “రెండో ఫోన్ స్క్రీన్‌షాట్ కూడా పెట్టమనండి.” ఆ దంపతులు ఇప్పటికీ ఒకే లిఫ్టులో దిగడం లేదు. ఇంకో ఇంట్లో కోడలు తన రీల్సన్నీ గుంటూరు నుంచి వచ్చిన అత్తగారి ఫోన్‌లో చూసింది. పెద్దావిడ లిస్టులో అట్టడుక్కి పోయారు. 72 ఏళ్ల మనిషిని క్లబ్ హౌస్‌లో కూర్చోబెట్టి అడ్మిన్ గారు కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆవిడ, పాపం, అందులో గ్యాస్ బుక్ చేయడం కూడా రాదని చెబుతూనే ఉన్నారు.

అడ్మిన్ గారి సిద్ధాంతం ఒక్కటే: “నిగ్రహం ఉండాలండీ, అంతా మన చేతుల్లోనే ఉంది.” మన చేతుల్లో ఉన్నది ఫోన్. దాని లోపలున్నది వేరేవాళ్ల చేతుల్లో ఉంది. వేలితో తోసేకొద్దీ అంతులేకుండా వచ్చే పేజీని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్, ఆ తర్వాత తనే లెంపలేసుకున్నాడు. ప్రతి ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి తమ ఒంటి తీరు మీద ఉన్న బెంగను మనం ఇంకా పెంచుతున్నాం అని ఇన్‌స్టాగ్రామ్ సొంత స్లైడు 2019లోనే చెప్పింది. 2021లో పత్రికలకెక్కితే గానీ లోకానికి తెలియలేదు. తెలిసీ నోరు మెదపనివాళ్లకు బోనస్‌లు. నిగ్రహం లేదన్న తిట్లు మాత్రం ఎనిమిదో తరగతి పిల్లకి!

ఇది కూడా నవ్వుకుంటూనే రాద్దామనుకున్నాను. కానీ పద్నాలుగో రోజు రాత్రి పన్నెండు దాటాక మూడో అంతస్తులో అద్దెకుండే అనంతపురం కుర్రాడు గ్రూపులో ఒక లైను రాశాడు. ఉద్యోగం పోయి రెండు నెలలైందతనికి. “నిద్ర పట్టట్లేదండీ. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తోంది.”

ముందు రెండు దండాల బొమ్మలొచ్చాయి. తర్వాత ‘బీ పాజిటివ్’ అంటున్న కుక్కపిల్ల స్టిక్కరు. ఆ తర్వాత, పడుకునే ముందు ఫోన్ చూడరాదన్న ఫార్వర్డు. ఆఖరున అడ్మిన్ గారు: “పర్సనల్ మెసేజీలు గ్రూపులో వద్దు. ఈరోజు మీ స్క్రీన్‌షాట్ ఇంకా రాలేదు.”

సిగ్గుండాలి. అందరికీ ఉండాలి. ఇంతమంది మేలుకుని ఉన్నారు, చదివారు, నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కరు ఫోన్ చేయలేదు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఇదే ఊళ్లో, హోసూరు రోడ్డులో ఉంది. ఫోన్ వదల్లేనివాళ్ల కోసమే 2014లో అక్కడ షట్ క్లినిక్ తెరిచారు. 14416కి చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. 2022 నుంచీ ఉంది. ఇన్ని తామరపువ్వులు పంపిన గ్రూపులో ఆ ఐదు అంకెలు ఎవరి వేలికీ తగల్లేదు.

నేను గ్రూపులోంచి బయటికొచ్చి, చెప్పులేసుకుని మూడో అంతస్తుకి దిగుతుంటే అడ్మిన్ గారి నుంచి ఫోన్. అర్ధరాత్రి ఒంటిగంట.

“ఎగ్జిట్ అయ్యారేంటండీ, ఏమైనా టెన్షన్‌లో ఉన్నారా?”

“నాకేం లేదండీ. ఆ కుర్రాడి దగ్గరికి వెళ్తున్నాను, మీరూ వస్తారా?”

ఆయన కాసేపు ఆలోచించారు.

“మనిద్దరమే నిర్ణయం తీసుకుంటే బాగోదేమోనండీ. పొద్దున గ్రూపులో పోల్ పెడతాను.”