ఎత్తు మొక్కను ఏ మూలైనా పెట్టేయొచ్చా?

"అరెకా పామ్ గానీ ఫిడిల్ లీఫ్ ఫిగ్ గానీ చిన్న మొక్క తెచ్చి, పెద్ద కుండీలో నాటి, గదిలో ఏ మూలైనా పెట్టేయండి. రోజుకో గ్లాసు నీళ్లు చాలు. ఏడాదిలో ఆరడుగులవుతుంది, గాలీ శుభ్రపడుతుంది" అనే సలహా ఎక్కడ చూసినా తిరుగుతోంది. నమ్మి మొక్కలు పోగొట్టుకుంటున్నారు.

గాలి మాట ముందు తేల్చేద్దాం. ఈ నమ్మకానికి మూలమైన పరీక్షను 1989లో నాసా చేసింది గాలి చొరబడని పెట్టెల్లో. బయటి గాలి వచ్చిపోతూ ఇంటి గాలిని మామూలుగా శుభ్రం చేసే వేగాన్ని అందుకోవాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. ఒక్క మొక్కతో తేడా ఏమీ రాదు.

"ఏ మూలైనా" అన్నది అసలు ప్రమాదం. కన్ను మసక వెలుతురుకు ఇట్టే అలవాటుపడుతుంది, ఆకుకు ఆ వీలు లేదు. పగటిపూట ఫోన్‌లో లక్స్ (వెలుతురు కొలమానం) యాప్‌తో కొలిచి చూడండి. కిటికీ దగ్గర 2000 ఉంటే, రెండు మీటర్లు లోపల 300 కూడా ఉండకపోవచ్చు. అరెకా, ఫిడిల్ రెండూ కిటికీ పక్కన బతికేవే. మూలన పెడితే కణుపుల మధ్య ఎడం పెరిగి, కాడ సన్నబడి వెలుతురు వైపు వంగుతుంది, కొత్త ఆకు పాత ఆకుకన్నా చిన్నగా వస్తుంది. దాన్ని చూసి ఎదుగుతోందని సంబరపడతారు గానీ, అది వెలుతురు చాలక పడే ఆకలి.

పెద్ద కుండీ సలహా ఇంకా చేటు. కొద్దిపాటి వేళ్లు అంత మట్టిలోని నీటిని పీల్చలేవు. తడి నిలిచి, గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు అందించలేదు కాబట్టి ఆకులు దాహం వేసినట్టే వాలతాయి. అది చూసి ఇంకో గ్లాసు పోస్తారు, మొక్క పని అయిపోతుంది. వేళ్ల ముద్దకన్నా 3–5 సెంటీమీటర్లు వెడల్పైన, అడుగున చిల్లున్న కుండీ చాలు. అడుగున గులకరాళ్లు పోయకండి, తడి నిలిచే మట్టి పొర వాటి పైకి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. నీళ్లకు రోజుల లెక్క పెట్టుకోవద్దు. చేతి వేలు మట్టిలోకి 5 సెంటీమీటర్లు దింపి, పొడిగా తగిలితేనే, చిల్లులోంచి కారేదాకా పోయండి. అరగంటలో కుండీ కింది పళ్లెంలో చేరిన నీళ్లు ఒంపేయండి.

ఇక "ఏడాదిలో ఆరడుగులు". ఓ మోస్తరు వెలుతురులో ఇలాంటి మొక్కలు అలా పెరగవు, కావలసిన ఎత్తుకు దగ్గరగా ఉన్నదే కొనాలి. మా ఎంపిక కెంటియా పామ్. నిదానంగా పెరుగుతుంది, తక్కువ వెలుతురును బాగా ఓర్చుకుంటుంది. ఖరీదు ఎక్కువనిపిస్తే, మూడు ఎత్తుల్లో నరికిన బోదెలు నాటిన డ్రసీనా తీసుకోండి. నరికిన బోదె మళ్లీ పొడవు సాగదు, పైనున్న పిలకలే పెరుగుతాయి, అందుకే బోదె ఎత్తు చూసుకుని కొనాలి. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉండి ఆకులు కొరికే అలవాటుంటే మాత్రం డ్రసీనా వద్దు, వాటికది విషం. కెంటియాతో ఆ భయం లేదు.