ముక్కుసూటి ఉద్యోగి

హైదరాబాదులో సెలవు పెట్టకుండా, చేయి చాపకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పే ఉద్యోగి ఒకరున్నారు. ఆయన కొలువు నా కారు సైలెన్సర్ గొట్టంలో. పేరు ఆక్సిజన్ సెన్సార్, షెడ్డు భాషలో ఓటూ సెన్సార్. బాష్ కంపెనీ తయారుచేస్తే, 1976లో వోల్వో కార్లలో తొలిసారి డ్యూటీలో చేరిన వంశం.

చేసే పనల్లా పొగ వాసన చూడటమే. గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి అందాలని లెక్క. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు వైపు, గాలి ఎక్కువైతే 0.1 వైపు సంకేతం పంపుతారు. దాన్ని చూసి కారులోని కంప్యూటర్ పెట్రోలు తగ్గించడమో పెంచడమో చేస్తుంది. పైవాళ్ల మొహం చూసి రిపోర్టు దిద్దే అలవాటు బొత్తిగా లేదు. ఒక్కటే బలహీనత: దాదాపు 300 డిగ్రీలు వేడెక్కితే తప్ప ముక్కు పనిచేయదు. (ఒళ్లు మండినప్పుడే నిజం మాట్లాడటం మనుషుల్లోనూ ఉన్నదే.) ఇంజన్ వేడెక్కేదాకా ఆగలేరని లోపలే చిన్న హీటరు కూడా పెట్టారు.

నాది 2012 మోడల్, ఏపీ 09 నంబరు. ఆ తర్వాత టీఎస్ వచ్చింది, టీజీ వచ్చింది, నా బోర్డు మాత్రం అలాగే ఉంది. పోయినేడు లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. లీటరుకు పదిహేను ఇచ్చే బండి పదకొండుకు దిగింది.

మెకానిక్ అనుభవజ్ఞుడు. బ్యాటరీ టెర్మినల్ పీకి మళ్లీ పెట్టాడు, లైటు ఆరింది. ఖైరతాబాద్ దాటకముందే వెలిగింది. రెండోసారి ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. మూడోసారి ఇంజెక్టర్లు కడిగి, ముక్కు పిండి వసూలు చేశాడు. నాలుగోసారి అసలు వైద్యం చెప్పాడు: "గా లైటుతోని మీకేం పని సార్? బండి నడుస్తున్నది గదా!" మా అపార్ట్‌మెంటు సెక్రటరీ గారైతే ఖర్చు లేని ఉపాయం చూపించారు, బొమ్మ మీద నల్ల టేపు ముక్క. ఆయన సంఘం లెక్కల్ని కూడా ఈ పద్ధతిలోనే నడుపుతారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ టేపు కింద నేను నెలల తరబడి హాయిగా బతికాను.

చివరికి మా తోడల్లుడి కొడుకు అరచేతిలో పట్టే స్కానరు తెచ్చాడు. పీ0135 అని కోడ్ వచ్చింది, అంటే ముందు సెన్సార్ హీటరు సర్క్యూట్‌లో లోపం. (వెనక ఇంకొకరున్నారు, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ మీద నిఘా పెట్టే విజిలెన్స్ శాఖ.) నేను వెంటనే కొత్త సెన్సార్ కోసం రాణిగంజ్ విడిభాగాల కొట్లకు బయల్దేరబోతే ఆపాడు. "కోడ్ వస్తే సెన్సార్ పోయినట్టే కాదు పెదనాన్నా. ఫ్యూజు పోయినా ఇదే కోడ్ వస్తుంది." ఫ్యూజు బాగుంది. తాళం తిప్పితే కనెక్టర్ దాకా 12 వోల్టులు వస్తున్నాయి. సెన్సార్‌కున్న నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు హీటరువట. వాటి మధ్య మీటరు పెడితే కొద్దిపాటి ఓమ్‌లు చూపించాలి, అసలేమీ చూపించలేదు. లోపల తీగ తెగింది. ముక్కు చల్లబడ్డ ఉద్యోగి మాట కంప్యూటర్ నమ్మడం మానేసి, అందాజాగా పెట్రోలు పోస్తోంది. పది నిమిషాల్లో తేలిన సంగతి ఇది. మెకానిక్కుకు నాలుగు రాకపోకలు చాలలేదు.

రాణిగంజ్‌లో కొట్టాయన అడిగాడు: "కంపెనీదియ్యాల్నా, కంపెనీ లెక్క ఉండేదియ్యాల్నా?" మొదటిదే అన్నాను. జాలిగా చూశాడు.

పాతాయన సీటు ఖాళీ చేయించడం అసలు యుద్ధం. పన్నెండేళ్లకు పైగా గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయారు. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, వైరు దూరడానికి పక్కన చీలిక ఉన్న 22 సైజు సాకెట్ వేసి, ఇద్దరం వేలాడితే కిర్రుమని కదిలారు. కొత్తాయన మరలకే గ్రీజు రాశాం, ముక్కుకు అంటనివ్వలేదు. మొదటి చుట్లు చేత్తోనే తిప్పాం. టేపు పీకాను. లైటు లేదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరడంతో, అదే ఊపులో పెట్రోల్ బంకు పక్కన వ్యాను దగ్గర ఆపాను. కుర్రాడు నంబరు ప్లేటును ఫొటో తీసి ప్రింటు కొట్టాడు. పొగ వాసన చూసే గొట్టం కొక్కేనికే వేలాడుతోంది.

"గొట్టం పెట్టవా బాబూ?"

"ఎందుకు సార్, చూస్తే తెలుస్తలేదా? బండి మంచిగున్నది."

కాగితం మీద కార్బన్ మోనాక్సైడ్ లెక్క రెండు దశాంశాల దాకా ఉంది. అనుమానమొచ్చి డాష్ అరలోంచి పాత సర్టిఫికెట్ తీశాను. పోయినేడు, లైటు వెలిగిన వారంలో తీసుకున్నది. అదే అంకె.