అటెళ్తే గుర్తు మారుతుందట!

ఇందాక మా పాప లెక్కల స్లిప్ టెస్ట్ పేపర్ సంతకానికి తెచ్చింది. ఏడో తరగతి. 2x + 7 = 19, x ఎంత? పిల్ల రెండు వైపులా 7 తీసేసింది. 2x = 12. రెండు వైపులా 2తో భాగించింది. x = 6. కావాలంటే పెట్టి చూసుకోండి, రెండార్లు పన్నెండు, ఏడు కలిపితే పంతొమ్మిది. అయినా మూడు మార్కులకి ఒకటి వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో ఒక రాత: 'ట్రాన్స్‌పోజ్ చేయలేదు'.

చేయలేదండీ. చేయకపోతే x కి కోపమొచ్చి ఏడైపోయిందా?

మనం తెలుగు మీడియంలో 'పక్షాంతరం' అని బట్టీ పట్టిందే ఈ ట్రాన్స్‌పోజ్. ఇటున్న ప్లస్ అటెళ్తే మైనస్, అటున్న మైనస్ ఇటొస్తే ప్లస్. మధ్యలో ఉన్నది ఈక్వల్ గుర్తా, చెక్‌పోస్టా, దాటగానే వేషం మార్చుకోవడానికి? ఏ అంకే ఎక్కడికీ వెళ్ళదు. రెండు వైపులా అదే తీసేస్తాం కాబట్టి ఇటు కనపడకుండా పోయి అటు మైనస్‌తో కనిపిస్తుంది. మా నాన్నది కిరాణా కొట్టు. తక్కెడలో రెండు పళ్ళేల్లోంచీ ఒకే బరువు తీస్తే ముల్లు కదలదని నాకు బడికి వెళ్ళకముందే తెలుసు. మా పాప చేసిందీ అదే. ఆ మాటకొస్తే పాఠంలో తక్కెడ బొమ్మ కూడా ఉంది. బొమ్మలు పరీక్షలో రావు కదా, ఎవరు చూస్తారు!

పై అంతస్తు బాబుది ఇంకో ఘనకార్యం. 3x = 12 ఇస్తే x = 12 − 3 = 9 అని రాశాడు. ఎందుకురా అంటే 'అటెళ్తే గుర్తు మారాలిగా ఆంటీ' అన్నాడు. నేనేం చెప్పాలి? వాడికి చెప్పింది వాడు చెప్పినట్టే చేశాడు. 3x అంటే మూడు x లు అని ఒక్కరు చెప్పి ఉంటే మూడు నాలుగులు పన్నెండని వాడే అనేవాడు. వాడి ట్యూషన్ నోట్సులో a అంటే ఆపిల్, b అంటే బనానా అని కూడా ఉంది. 3a + 2b అంటే మూడు ఆపిల్స్, రెండు అరటిపళ్ళట. మరి ab అంటే ఫ్రూట్ సలాడా? a అంటే పండు కాదు మహానుభావా, ఒక సంఖ్య! పండు ధర అనుకో, పళ్ళ లెక్క అనుకో.

క్లాసు వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకావిడ 'స్కూల్ మెథడ్ ఫాలో అయితే బెటర్ కదా మేడమ్' అని దండం బొమ్మ పెట్టింది. మా ఆయనైతే 'రెండు మార్కులే కదా, వదిలెయ్' అన్నారు. రోజూ ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాముల్లో x = x + 1 అని రాసే మనిషిని సమీకరణాల గురించి అడగడం నా తప్పే.

అసలు ఆల్జీబ్రా అన్న పేరే 'అల్-జబ్ర్' నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోది ఆ మాట. ఒక వైపు తీసివేతలో ఉన్నదాన్ని రెండు వైపులా చేర్చి పూడ్చడమని దానర్థం. పాపం ఆయనకీ ఒక మార్కే వచ్చేది. మనవాళ్ళు తెలియని రాశులకి రంగుల పేర్లు పెట్టుకున్నారు. కాలకమంటే నలుపు, నీలకమంటే నీలం, కా, నీ అని పొట్టిగా రాసుకునేవాళ్ళు. భాస్కరాచార్యుడు 1150 నాటికే వాటితో లెక్కలు చేశాడు. పిల్లలకి ఈ ముక్క చెప్తే x ని చూసి దెయ్యాన్ని చూసినట్టు బెదిరిపోరు.

మా అమ్మమ్మ పలక పట్టలేదు. చెట్టు మీద కొమ్మకో కాకి వాలితే ఒక కాకి మిగిలింది, కొమ్మకి రెండేసి వాలితే ఒక కొమ్మ మిగిలింది, కాకులెన్ని, కొమ్మలెన్ని అని అడిగేది. నాలుగు కాకులు, మూడు కొమ్మలు. రెండు చరరాశుల లెక్కని అన్నం కలుపుతూ చెప్పించింది మాతో.

అలాంటి ఇంట్లోంచి వెళ్ళి ఏడో తరగతిలో 'గుర్తు ఎందుకు మారుతుంది సార్?' అని అడిగాను. 'రూలు. అంతే' అన్నారు. మళ్ళీ అడిగాను. పీరియడ్ అయ్యేదాకా బెంచీ మీద నిలబెట్టారు. పక్క సెక్షన్ వాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వారు. ఆ తర్వాత లెక్కల క్లాసులో నేను నోరు విప్పలేదు. ఇంటర్లో ఎంపీసీ ఫారం తెచ్చుకుని కూడా సీఈసీలో చేరాను. కామర్స్ అంటే ఇష్టమని ఇంట్లో చెప్పాను. ఏం ఇష్టమండీ, భయం! ఇన్నేళ్ళకి కూడా ఎవరైనా 'మీకు మ్యాథ్స్ రాదా?' అంటే ఒళ్ళు మండుతుంది. వచ్చు. అడిగినందుకే పోయింది.

పాప ఇప్పుడే వచ్చి 'సంతకం పెట్టు చాలమ్మా, స్కూల్‌కి మాత్రం రాకు ప్లీజ్' అంటోంది. పెన్ను చేతిలోనే ఉంది. ఇంకా పెట్టలేదు.