కిడ్నీల నెత్తిన కొలువైన పెద్దలకు ఒక బత్తాయి రైతు మనవి

మహారాజశ్రీ అధివృక్క (అడ్రినల్) గ్రంథుల వారి సముఖమునకు, నల్లగొండ దగ్గర ఐదెకరాల బత్తాయి తోట, రెండు బోర్లు (అందులో ఒకటి ఎండినది), ఒక బ్యాంకు అప్పు కలిగిన రైతు నమస్కరించి రాసుకునే మనవి.

నా రెండు కిడ్నీల నెత్తిన చెరొకరుగా కూర్చుని, ఒక్కొక్కరు నాలుగైదు గ్రాములకు మించి తూగకుండానే, ఇంత పెద్ద మనిషిని యాభై ఏళ్లుగా ఆడిస్తున్న మీ సామర్థ్యాన్ని నేను శంకించడం లేదు. నల్లమలలో పులి ఎదురుపడితే ఏం చేయాలో మీకు ఒకరు చెప్పనక్కరలేదు: అడ్రినలిన్ వదిలి గుండెను ఉరికిస్తారు, కంటిపాపలను విప్పారుస్తారు, కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి తోడిస్తారు, అన్నం అరిగే పనిని ఆపించి ఆ రక్తాన్ని కాళ్లకు మళ్లిస్తారు. అయితే పులులు అమ్రాబాద్ అడవిలో వాటి మానాన అవి బతుకుతున్నాయి. ఇంతవరకు ఒక్కటీ నా గడప తొక్కలేదు. నాకు ఎదురయ్యేవి బ్యాంకు వాళ్ల ఫోను, కాలిపోయిన మోటరు, మార్కెట్లో బత్తాయి ధర. వీటిని కొట్టలేము, వీటి నుంచి పరుగెత్తనూ లేము. అయినా ఫోను మోగిన ప్రతిసారీ మీరు చక్కెర తోడించి కాళ్లకు పంపుతూనే ఉంటారు, నేనేమో నులక మంచం మీద కూర్చునే ఉంటాను.

మీ మీద లేఖ రాసినవాళ్లలో నేను మొదటివాణ్ణి కాను. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు నేచర్ పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, అలిసిపోయేదాకా పరుగెత్తించినా, మందుల మోతాదు పెంచినా, వాటి ఒంట్లో కనిపించిన మార్పులు ఒకే తీరుగా ఉన్నాయని అందులో చెప్పాడు. ఏ దరఖాస్తు వచ్చినా ఒకే ముద్ర గుద్దే గుమాస్తాను మా మండల కేంద్రంలో చూసి నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. ఆ విద్య అంతకుముందే నా ఒంట్లో ఉందని తెలియక.

అసలు ఫిర్యాదు రాత్రుల గురించి. మూడు ఫేజుల కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చే కాలంలో, రెండు గంటలకు లేచి, టార్చిలైటు పట్టుకుని, పాము మీద కాలు పడుతుందేమోనని బెదురుతూ పోయి మోటరు వేసేవాణ్ణి. ఆ రోజుల్లో మీ సహకారం నిజంగా అవసరమే. 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. కరెంటు ఆఫీసు సైతం తన వేళలు మార్చుకున్నది గాని, మీరు మార్చుకోలేదు. మీరు వదిలే మరో హార్మోను కార్టిసాల్ అర్ధరాత్రి వేళ అన్నిటికన్నా తక్కువగా ఉండి, తెల్లవారుతుండగా పెరిగి మనిషిని లేపాలన్నది మీ కొలువు నియమం కదా. మరి ఇప్పటికీ సరిగ్గా రెండింటికి నన్ను లేపి, గుండె దడదడలాడిస్తూ, ఏ మోటరు వేయమని మీ ఉద్దేశం? అడ్రినలిన్ అయితే నిమిషాల్లో చల్లారుతుంది. కార్టిసాల్ సగానికి తగ్గడానికే గంటకు పైగా పడుతుంది. అంతలో కోడి కూస్తుంది.

ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నలుగురు అల్లరివాళ్లను అదుపులో పెట్టడం కూడా మీ కార్టిసాల్ బాధ్యతే. దాని చుట్టం కార్టిజోన్‌ను 1948లో కీళ్లవాతానికి మొదటిసారి వాడి చూశారు. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంత పేరున్న అధికారి నా ఒంట్లో ఎందుకు చులకన అయ్యాడంటే, పొద్దస్తమానం అరుస్తుండడం వల్లనే. చెరువుగట్టు జాతరలో రోజంతా ఈల ఊదే జవానును సాయంత్రానికి ఎవరూ లెక్కచేయనట్లే, ఎడతెగని కార్టిసాల్‌కు తెల్ల రక్తకణాలు మెల్లమెల్లగా చెవినివ్వడం మానేస్తాయి. దాంతో మంట ఆరదు.

పోయిన ఎండాకాలం కొమ్మలు నరుకుతుంటే తేనెతుట్టె కదిలింది. దద్దుర్లు లేచాయి, గొంతు బిగిసింది, రక్తనాళాలు వదులై బీపీ పడిపోయి నేల మీద కూలబడ్డాను. పులి వచ్చినంత పని అయింది. ఫోను మోగితే ఖజానా తలుపులు బార్లా తెరిచే మీరు ఇచ్చింది ఆ పూట చాలలేదు. దవాఖానలో సిస్టర్ తొడ కండలోకి అర మిల్లీగ్రాము అడ్రినలిన్ సూది వేస్తే నా ప్రాణం నిలిచింది. 1901లో తకమినే అనే జపాను శాస్త్రజ్ఞుడు పశువుల గ్రంథుల నుంచి శుద్ధిచేసి తీసిన సరుకే అది. అంటే మీ పరువు నిలబెట్టినది కూడా సీసాలోని మీ సరుకే.

కోపంతో రాజీనామా మాత్రం చేయకండి. మీరు చతికిలబడితే మనిషి ఎలా నీరసించిపోతాడో థామస్ అడిసన్ అనే డాక్టరు 1855లోనే వర్ణించాడు. వచ్చిన గండం దాటగానే దాని ఫైలును మూసివేయాలని మాత్రమే నా విన్నపం. మీకు ఉత్తర్వులు మెదడులోని హైపోథాలమస్ నుంచి, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ద్వారా వస్తాయని, ‘ఇక చాలు’ అన్న కబురు కార్టిసాల్ తిరిగి వాళ్లకే చేర్చాలని తెలిసినందున, ఇందుకు నకలు వాళ్లిద్దరికీ పంపుతున్నాను.

జవాబు ఇప్పించదలిస్తే పగటిపూట ఇప్పించగలరు.