ఆర్మీ చీఫ్ పదవి గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ పదవి గారికి,

ఉభయకుశలోపరి. నేను సైన్యంలో పనిచేసినవాణ్ణి కాదు. ఎన్‌సీసీ బూట్లు కరిస్తే మూడో వారానికే మానేసిన రకం. అయినా మీకు ఉత్తరం రాసే అర్హత నాకొకటుంది. మీలాగే నేనూ పుట్టినతేదీ చేతిలో చిక్కినవాణ్ణి.

బళ్ళో వేసిన రోజు హెడ్మాస్టరు గారు నన్ను ఎగాదిగా చూసి, కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందింది. "అయిదు నిండాయి" అని రిజిస్టర్లో జూన్ 1 వేసేశారు. అంతే, ఆ రోజే పుట్టాను.

మీ దగ్గరికొస్తే, కారు ప్లేటు మీద నాలుగు నక్షత్రాలు, భుజమ్మీద సింహాల గుర్తు, దాని కింద అడ్డంగా కత్తీ బేటనూ. పన్నెండు లక్షల మందికి పైగా సెల్యూట్ కొడతారు. తీరా మీ నిబంధన చదివితే, మూడేళ్ళు లేదా 62 ఏళ్ళ వయసు, ఏది ముందైతే అది! ఈ మాట ఇంతకు ముందు నా స్కూటర్ సర్వీసింగ్ కార్డు మీద చూశాను.

2012లో చీఫ్ వి.కె. సింగ్ గారి పుట్టినతేదీ గొడవే తీసుకోండి. కుర్రతనంలో నింపిన దరఖాస్తులో 1950, మెట్రిక్ సర్టిఫికెట్లో 1951. రెండింట్లోనూ మే 10నే. ఒక్క అంకె తేడా! పదవిలో ఉండగానే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, మే 31న దిగిపోయారు. శత్రువు గుట్టు లాగే వ్యవస్థ సొంత చీఫ్ ఎప్పుడు పుట్టాడో తేల్చుకోలేకపోయింది. ఆయన్నీ చెవి పట్టుకోమంటే సరిపోయేది.

2024 ఇంకా బాగుంది. మనోజ్ పాండే గారు మే 31న దిగాలి. ఎన్నికల హడావిడిలో ఒక నెల పొడిగించారు. దాంతో ఆయన దిగే రోజూ, ఉపేంద్ర ద్వివేదీ గారు లెఫ్టినెంట్ జనరల్‌గా అరవై నిండి ఇంటికెళ్ళాల్సిన రోజూ ఒకటే అయ్యాయి, జూన్ 30. వీడ్కోలు దండ వేయాల్సిన రోజున నాలుగో నక్షత్రం తగిలించారు.

పోనీ తేదీ కలిసొస్తే చాలా అంటే అదీ లేదు. మన కోటికలపూడి వెంకట కృష్ణారావు గారు 1983లో దిగాక, సీనియర్ ఎస్.కె. సిన్హాని పక్కనపెట్టి ఎ.ఎస్. వైద్యని ఎక్కించారు. సిన్హా రాజీనామా చేశారు. 2016లో బిపిన్ రావత్ కోసం ఇద్దరు సీనియర్లను దాటేశారు. అప్పుడు మాత్రం ఎవరికీ పుట్టినతేదీ గుర్తురాలేదు.

మీ పేరు సంగతి కూడా అడగాలి. కమాండర్ ఇన్ చీఫ్ అని ఎంత దర్జాగా ఉండేది! 1955లో 'కమాండర్' తీసేసి, చీఫ్ ఆఫ్ ది ఆర్మీ స్టాఫ్ అని 'స్టాఫ్' పెట్టారు. అదీ ఏప్రిల్ 1న. మా ఆఫీసులో స్టాఫ్ అనే బోర్డు టీ గది మీదుంది. అయినా తప్పుపట్టను లెండి. సర్వసైన్యాధ్యక్షత రాష్ట్రపతిది, ఆ పైన ఓటు వేసే మాది. పక్కింట్లో, అదే పాకిస్తాన్‌లో, మీ తోబుట్టువు 1958, 1977, 1999లో ఇంటి పెద్దనే గెంటేసి కూర్చుంది. 2024లో అక్కడ మూడేళ్ళ కాలాన్ని అయిదేళ్ళు చేశారు. దాంతో పోలిస్తే మీ సర్వీసింగ్ కార్డే నయం.

మీకన్నా పై హోదా ఫీల్డ్ మార్షల్ అయితే రిటైర్మెంటే ఉండదట కదా. మానెక్‌షాకి 1973లో ఇచ్చారు, కరియప్పకి 1986లో. మా ఆఫీసులో అలాంటి హోదా లేదు. కనుక్కున్నాను.

అసలు విషయానికొస్తాను. ఒకటో తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలట. నా ఆర్డర్లో మే 31 అని ఉంది. ఆ రోజు చెవి అందడానికి కాస్త కష్టపడినట్టు నటించి ఉంటే, హెడ్మాస్టరు గారు జూన్ 2 వేసేవారేమో. ఒక నెల జీతం పోయింది. పాండే గారికిచ్చిన ఆ ఒక నెల పొడిగింపు ఫైలు ఏ బీరువాలో ఉందో కాస్త చెప్పగలరా?

ఇట్లు,
చెవి అందిన విధేయుడు